వట్టివేళ్ల అత్తరు ఆరేదాకా

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మన స్వాతి బ్రూక్‌ఫీల్డ్ వైపు ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి బయల్దేరుతూ, నన్ను అడక్కుండా మీ వట్టివేళ్ల అత్తరు తీసి మణికట్టుకు రాసుకుంది. సీసా అడుగున మిగిలిందే కాస్త. నాకు ఒళ్లు మండిపోయింది.

"కడుక్కో పో. ఆఫీసులో మన్ను కంపు కొడతావు," అన్నాను.

"ఆరనీమ్మా, ఇంకా తడి ఉండాది," అంది.

దానికి తోడుగా నేనూ ఆటో ఎక్కాను. ట్రాఫిక్ కదలడం లేదు. అది మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటోంది. అత్తరు రాసుకున్న చెయ్యి మాత్రం దేనికీ తగలకుండా మీలాగే ఎత్తి పట్టుకుంది. రుద్దితే వాసన చెడుతుందని మీరు చెప్పింది మరచిపోలేదు.

ఈ ఏడాదిలో అది ఇంట్లో లేనప్పుడు నేనూ రాసుకుని చూశాను. ఎంతసేపు ఆరనిచ్చినా నా చేతి మీద ఎండిన వేరు వాసనే మిగిలేది. మీ చొక్కాల్లో ఉండే ఆ మెత్తని తీపి వచ్చేది కాదు. అత్తరు పాతబడి పాడైందనుకున్నాను.

సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు ఆ తీపి వాసన వచ్చింది. మీరు పక్కన కూర్చున్నట్టే వచ్చింది. తల తిప్పడానికి భయమేసింది. మీ ఒంటి తీరు స్వాతికి వచ్చింది కాబోలు.

ఆఫీసు గేటు దగ్గర దిగి, చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఇంకా ఎక్కువగా ఉండాదా మా? లోపల కడిగేసుకుంటాలే."

వద్దన్నాను.

"టైమైతా ఉండాది, చెయ్యి వదులమ్మా," అంది.