ఎడమ మూలకి మూడు బియ్యం బస్తాలు

ఏవండీ,

పులిహోర ఫ్రిజ్‌లో ఉంది, మీకూ మీ ఆఫీసు కౌశల్‌కీ సరిపోతుంది. ఇవాళ లేక్‌కి నేను రావడం లేదు. గరాజ్‌లో మూడు బియ్యం బస్తాలు చెత్త కవర్లలో చుట్టి పెట్టాను. మూడూ కలిపితే సరిగ్గా నా బరువే, వెయింగ్ మెషీన్ మీద చూసే పెట్టాను. పడవ వెనక ఎడమ మూల, నన్ను కూర్చోబెట్టే చోట పెట్టుకోండి. అక్కడ బరువుంటేనే కదా పడవ వెనకాల మీ సర్ఫింగ్‌కి అల లేచేది. వీటికి చలెయ్యదు, ఒడ్డుకి తీసుకెళ్లమనీ అడగవు.

రెండు వేసవులుగా మీరిద్దరూ వంతులేసుకుని ఆ అల మీద నిలబడుతుంటే, మూలన కూర్చుని వీడియోలు తీశాను. పోయిన ఆదివారం నాకూ ఒక్కసారి బోర్డు ఇవ్వమన్నాను. "నువ్వు లేస్తే అల పడిపోతుంది అలివేలూ" అన్నారు. కౌశల్ నవ్వాడు. అతను నవ్వాడని మీరూ నవ్వారు.

పక్కింటి వీణతో బీచ్‌కి వెళ్తున్నాను. అక్కడ ఆడవాళ్లకి సర్ఫింగ్ నేర్పుతారట, ముందు బరువడగరట.

బస్తాలు తడవనివ్వకండి. సంక్రాంతిదాకా తినాల్సిన బియ్యం.

అలివేలు

బోర్డు కోసం గరాజంతా వెతక్కండి. అది నా కార్లో ఉంది.