అద్దాల పెట్టెలో కళ్లజోడు

చిరంజీవి పెంచలప్రసాద్‌కు, ఆత్మకూరు నుంచి చిన్నాయన రాసేది.

ఉదయగిరిలో మన మిద్దెను మ్యూజియం చేశావు, సంతోషం. కానీ అల్మారాల మీద 'శ్రీమన్నారాయణగారు చదివిన పుస్తకాలు' అని బోర్డెందుకు? మీ నాయన పంచాంగం తప్ప ఏ పుస్తకమూ తెరవలేదు. అవన్నీ నేను కొని చదివినవి. భాగాలు పంచుకున్నప్పుడు మిద్దెతోపాటు ఆయనే ఉంచేసుకున్నాడు.

ప్రారంభోత్సవం నాడు వాటిలో ఒకటి తిరగేసి, కళ్లజోడు దాని మీదే మరిచి వచ్చాను. నిన్న వెతుక్కుంటూ వెళితే అది అద్దాల పెట్టెలో ఉంది, పక్కన 'వారి కళ్లజోడు' అని చీటీ. నాదని చెప్పి చెయ్యి చాపితే అక్కడి అమ్మాయి కసిరింది: "ముట్టుకోబాక తాతా! అది పెద్దాయనది."

పుస్తకాలు ఉంచుకో. కళ్లజోడు మాత్రం వెంటనే పంపు. చదవడానికి ఆయనకు అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.