తెరమీద యూనివర్సిటీ గేటు

సిద్దిపేట, ఫిబ్రవరి 2011, శుక్రవారం

ఈరోజు బంద్ లేదు, కరెంటూ ఉంది. పదో తరగతి పిల్లలకు హైదరాబాద్‌లోని యూనివర్సిటీని లాప్‌టాప్‌లో వీడియో కాల్ పెట్టి చూపించాను. నా దగ్గర చదివిన సమీనా ఇప్పుడు అక్కడే ఉంది. అటువైపు తన లాప్‌టాప్ మోసుకుంటూ లైబ్రరీ, క్లాసులు, హాస్టల్ గది అన్నీ తిప్పి చూపింది. పిల్లలు ఇన్నాళ్లూ ఆ క్యాంపస్‌ను టీవీ వార్తల్లో, టియర్ గ్యాస్ పొగలోనే చూశారు.

రజిత వాళ్ల బాపు బిడ్డను తీసుకుపోవడానికి చిన్నకోడూరు నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. తెరమీద గేటు కనబడగానే సమీనాను అడిగాడు:

"మొన్న టీవీల పోలీసోళ్లు పోరగాండ్లను కొట్టింది గీడనేనా, బిడ్డా?"

ఆమె కాదంటే బాగుండుననిపించింది. కానీ అబద్ధం చెప్పొద్దని సమీనాకు నేర్పింది నేనే.

"అవ్ కాకా, గీడనే. అప్పుడు నేను గూడ ఉన్న" అంది.

ఇక రజిత చదువు పదితో సరి అనుకున్నాను. ఆయన తలుపు దగ్గర్నుంచి రెండడుగులు లోపలికి వచ్చాడు. తర్వాత మెల్లగా, "హాస్టల్ల అన్నం మంచిగుంటదా?" అన్నాడు.

పంపొద్దనుకున్నవాడు అన్నం సంగతి అడగడు. రజిత తల వంచుకుని నవ్వుకుంది.

నాకు మాత్రం ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ గేటే కనబడుతోంది. ఆయన తన భయాన్ని నా దగ్గర వదిలేసి పోయినట్టున్నాడు.