కీరదోస నూడుల్స్

ఏప్రిల్ 10, 2007

మనవరాలు జెస్సీకి రెండు కిడ్నీలూ పనిచేయవు. మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్. రోజుకు ఎనిమిది వందల మిల్లీలీటర్లకు మించి ఒంట్లోకి నీరు పోకూడదు. పోతే బయటికి వచ్చే దారి లేదు. మే పద్నాలుగున నా కూతురు కిరణ్మయి కిడ్నీ ఒకటి తీసి దానికి పెడతారు. అందాకా ఒంట్లో నీరు చేరనివ్వొద్దన్నారు డాక్టరు. గీతల సీసా, నోట్‌బుక్ నా దగ్గరే ఉంటాయి. టీ, చారు, మజ్జిగ, అన్నీ రాస్తాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పినదాన్ని.

ఈరోజు జెస్సీ నూడుల్స్ అడిగింది. ప్యాకెట్ నూడుల్స్ నిండా ఉప్పు. ఇవ్వనన్నాను. జైల్లో కూడా ఆదివారం ఏదో ఒకటి పెడతారు అమ్మమ్మా, ఇరవై మూడేళ్ళకే నాకు చప్పటి అన్నమా అన్నది.

ఏప్రిల్ 11

చేశాను. కీరదోసకాయల్ని పళ్ళున్న పీలర్‌తో పొడుగ్గా లాగితే పోగులు వచ్చాయి. కొంచెం క్యారెట్. గంటసేపు ఫ్రిజ్‌లో. మీద మిరియాల పొడి, వేయించిన నువ్వులు, చెంచాడు నిమ్మరసం. ఉప్పు లేదు, మైదా లేదు, నూనె లేదు. జెస్సీ ఫోర్క్‌కు చుట్టి చుట్టి తిన్నది. సూపర్ అమ్మమ్మా, హోటల్ పెడదాం, నువ్వు గల్లాలో కూర్చుని కస్టమర్లను తిడుదువు అన్నది. అది నవ్వి ఎన్నాళ్ళయిందో.

నోట్‌బుక్‌లో: నిమ్మరసం, 5 మి.లీ.

ఏప్రిల్ 17

రోజూ రెండు గిన్నెలు అడుగుతోంది. పెడుతున్నాను. ఎండలు అలా ఉన్నాయి.

డయాలసిస్ టెక్నీషియన్ తిరుపాలు బరువు చూసి ముఖం చిట్లించాడు. శుక్రవారం నుంచి మూడు కిలోలు ఎక్కినాది పెద్దమ్మా, అంతా నీళ్ళే, మీ కండ్లు గప్పి పాప యాడో తాగతా ఉండాది అన్నాడు. నా కళ్ళు గప్పిన పిల్ల ఇంతవరకు లేదు.

ఏప్రిల్ 20

తాగలేదు, ప్రామిస్ అన్నది. బైబిల్ మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. అయినా బాత్రూమ్ తలుపుకు గడియ తీయించేశాను. పళ్ళు నా ఎదుటే తోముకుంటుంది.

ఏప్రిల్ 24

మళ్ళీ మూడు కిలోల పైనే.

ఈ వారం అది స్నానం చేస్తుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. గోడవైపు తిరిగి పోసుకుంటోంది. తాగావా అని పొద్దున అడుగుతాను, మధ్యాహ్నం అడుగుతాను, దీపాలు పెట్టాక అడుగుతాను. లేదంటుంది. బరువు అబద్ధం చెప్పదు కదా అంటాను.

ఏప్రిల్ 27, సాయంత్రం 4

ఒప్పుకుంది. నువ్వు నిద్రపోయాక వంటింటి కొళాయి దగ్గర తాగాను అన్నది.

డాక్టరుకు నేనే చెప్పాను. ఆయన ఫైలులో రాసుకున్నారు. నియమం పాటించని పేషెంటుకు తల్లి కిడ్నీ పెట్టి దాన్ని కూడా పాడుచేయలేం, ఆపరేషన్ ఆపి మూడు నెలలు చూద్దాం అన్నారు. కిరణ్మయి కారిడార్‌లో కూలబడింది. నాకు బాధ కంటే నిజం రాబట్టానన్న తృప్తే ఎక్కువగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఏప్రిల్ 28

నీళ్ళు ఆరు వందలకు తగ్గించాను. నూడుల్స్ మూడు గిన్నెలు పెట్టాను. శిక్ష నీళ్ళకే, తిండికి కాదు.

ఏప్రిల్ 30, ఉదయం 6

ఊపిరి అందడం లేదు దానికి. పడుకోలేకపోతోంది. అల్లుడు స్టాన్లీ బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. అంబులెన్సుకు ఫోన్ చేశాం.

మే 3

ఐసీయూలోనే ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు.

స్నానానికని ఇంటికి వచ్చాను. సోమవారం తెల్లవారుజామున కోసిన పోగులు ఆ తొందరలో బాల్కనీ గట్టు మీదే ఉండిపోయాయి. ఒక గిన్నెకని రెండు వందల యాభై గ్రాములు తూచి, ఫ్రిజ్‌లో పెట్టేముందు కడిగిన తడి ఆరాలని పళ్ళెంలో పరిచినవి. ఎండకు పళ్ళేనికి అతుక్కుపోయి ఉన్నాయి. గీకి త్రాసులో వేశాను. పదిహేను గ్రాములు కూడా లేవు.

మిగిలినదంతా నీళ్ళు.

రోజుకు రెండు గిన్నెలు. చెంచాడు నిమ్మరసం రాశాను, ఇది రాయలేదు. నమిలి తినేది కాబట్టి దీన్ని నీళ్ళ కింద చూడలేదు. తొమ్మిదో తరగతి పిల్లను అడిగినా చెప్పేది.

మే 4

పది నిమిషాలు లోపలికి పంపారు. నువ్వు తాగలేదు, నేనే పెట్టాను అని చెప్పాను. జెస్సీ మాస్కు పక్కకు లాగి, నేను తాగలేదని నాకు తెలుసు కదా అన్నది. మరి ఎందుకు ఒప్పుకున్నావన్నాను. ఒప్పుకుంటే అడగడం ఆపుతావని అన్నది.

ఆపాను, నిజమే.

క్షమించమన్నాను. నర్సు మాస్కు సరిచేసి నన్ను బయటికి పంపింది.

మే 5

కిరణ్మయికి చెప్పాను. అదే ఒప్పుకుంది కదమ్మా, నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావు, నువ్వు ఎప్పుడైనా లెక్క తప్పావా అన్నది. డాక్టరు ఓపికగానే విన్నారు. తిండిలోనూ నీరు ఉంటుంది నిజమే, కానీ తాగానని పేషెంటే స్వయంగా చెప్పింది, ఫైలులో ఆ మాట కొట్టేయలేం అన్నారు.

మే 7

జెస్సీ ఉదయం ఎనిమిదీ పదికి పోయింది.

మే 8

హాస్పిటల్ ఇచ్చిన కాగితంలో మరణ కారణం దగ్గర, రోగి రహస్యంగా నీళ్ళు తాగినందున అని ఉంది. కౌంటర్ దగ్గరే ఆ ముక్క కొట్టేసి, అమ్మమ్మ పెట్టిన తిండి వల్ల అని రాసి సంతకం చేశాను. దిద్దితే చెల్లదు ఆంటీ అని అక్కడి అమ్మాయి ఇంకొకటి ప్రింటు తీసి ఇచ్చింది.

అందులోనూ అదే ఉంది.