లావు తీగ చుట్టను

సిరవార

తమ్ముడు కేశవులుకు అక్క బసమ్మ దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు.

మా ఆంజనేయ పోయినంక మూతపడ్డ పిండి గిర్ని నేనే తెరిచాను. నిన్న ఫ్యూజు పోతే, జొన్నల డబ్బాలతో వరుసలో ఉన్నోళ్లంతా అరిచారు. వాళ్లలో శరణబసవ, "లావు తీగ సుట్టు పెద్దమ్మా, మల్ల పోనే పోదు" అన్నాడు.

"నా కొడుకు గట్లనే సుట్టిండు. ఫ్యూజు పోలే. వైర్లు కాలి బోర్డు అంటుకుంటే, ఆర్పబోయి నా బిడ్డ సచ్చిపోయె. మీకు రొట్టె ఆలిస్యమైతది, గంతేగా!" అన్నాను. మళ్లీ సన్న తీగే చుట్టాను.

పదిహేను ఆంప్సుల ఫ్యూజు మీద, పొద్దంతా నడిచే లోడు పన్నెండు దాటొద్దని శక్తినగర్ కరెంటు మేస్త్రి చెప్పాడు. మా ఆంజనేయ గిర్ని, కారం మిషను కలిపి నడిపాడు. నేను ఒకటి ఆపాకే ఇంకోటి వేస్తాను. ఎవరేమన్నా సరే.

మరదలికి నడుము నొప్పి తగ్గిందా? చింతపండు పంపు. నీ బోరు మోటారు ఫ్యూజుకు మూడు పేటల రాగి తీగ చుట్టానని నవ్వుతూ చెప్పావు కదా, మెయిను బందు చేసి దాన్ని ఇవాళే తీయించు.

పిల్లలకు నా దీవెనలు. ఉగాదికి వస్తాను. నీ దినాలకు మాత్రం రాను.

మీ అక్క