పిచ్చుక కడుపులో క్రేన్

ప్రియమైన దర్జీ దొరసానికి,

ఫోన్లో అడుగుదామంటే మన అమ్మాయి పిచ్చుక పక్కనే చెవులు రిక్కించి వింటుంది. అందుకే ఉత్తరం. పదేళ్ళ పిల్లకి కడుపునొప్పి వస్తే కళ్ళు మూయించి కబుర్లు చెప్పే వైద్యం ఏమిటి? రక్తం చూశారు, స్కానింగ్ తీశారు, అంతా బాగానే ఉందన్నారు. అంతటితో ఊరుకోక, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు హిప్నోథెరపీ అట! మా రేవులో అందరూ నవ్వుతారు.

ఆ గదిలో నువ్వు కూడా ఉంటున్నావా? పిల్ల ఆ మత్తులో ఏం మాట్లాడుతోంది? మొన్న సెలవుల్లో నేను వచ్చినప్పటి సంగతులేమైనా తీస్తోందా? ఒక్కటీ వదలకుండా రాయి.

ఆకాశంలో వేలాడే,
నీ వాడు

* * *

ప్రియమైన క్రేన్ దొరగారికి,

మీకన్నా ముందు అనుమానపడింది నేనే. మొదటి రోజు ఆ గదిలో మూలన కూర్చుని, లంగా అంచు కుడుతూ ఆ వైద్యం చేసే ఆవిడ నోటినే చూశాను. రెండు కుర్చీలు, సగం వేసిన కర్టెన్, ఒక మంచినీళ్ళ సీసా. లోలకాలూ లేవు, మంత్రాలూ లేవు. పేగుకీ మెదడుకీ మధ్య కబుర్లు మితిమీరాయనీ, నొప్పి మాత్రం నిజమేననీ చెప్పింది. "నాటకం కాదమ్మా" అనగానే పిచ్చుక ముఖం చూడాల్సింది మీరు. రెండేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసినట్టుంది.

కళ్ళు మూసుకుని కడుపులో ఏదైనా బొమ్మ ఊహించుకోమంటే మీ క్రేన్‌నే ఎంచుకుంది! నొప్పి ఒక పెట్టె. దాన్ని మెల్లగా ఎత్తి ఓడలో దించుతుంది, ఓడ వెళ్ళిపోతుంది. ఇంట్లో రోజూ పావుగంట ఆవిడ గొంతుతో ఇచ్చిన రికార్డింగు వింటుంది. పోయిన నెల తొమ్మిది రోజులు బడి మానేసింది, ఈ నెల రెండే రోజులు.

అన్నట్టు, మీ ఉత్తరంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. క్రేన్ మీద కూర్చుని రాశారా ఏమిటి?

మీ దర్జీ

* * *

ప్రియమైన దొరసానికి,

అవును, క్యాబిన్లోనే రాశాను, ఊగుతుంది. దానికో ఆరా!

క్రేన్ తప్ప ఇంకో బొమ్మే దొరకలేదా? ఆ క్రేన్ నడిపేది ఎవరట? అతని గురించి ఆవిడ ఏమైనా గుచ్చి గుచ్చి అడిగిందా? అతని చూపు గురించిగానీ ఏమైనా? పిల్లలు లేనిపోనివి కల్పిస్తారు, ఏం చెప్పినా నమ్మకు. తెలియని మనిషి ముందు పిల్ల మనసు విప్పించడం నాకు నచ్చలేదు. వచ్చే వారం తీసుకెళ్ళకు. ఇది నా మాట.

నీ వాడు

* * *

పిచ్చుక నాన్నగారికి,

ఈసారి "ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు.

తీసుకెళ్ళాను. మీ అనుమానమే ఆవిడ ముందు పెట్టాను: "ఆ మత్తులో పిల్లలు రహస్యాలు కక్కేస్తారా?" అని. "మత్తెక్కడిదమ్మా! కథలో మునిగిపోయిన పిల్ల ఎలా ఉంటుందో అంతే. చెప్పకూడదనుకున్నది చెప్పదు" అంది.

ఇంటికొచ్చి మీ ఉత్తరాలు మిషను లైటు కింద పరిచాను. కుట్టు ఎక్కడ వంకరపోయిందో కనిపెట్టడమే కదా నా బతుకు. ప్రతి వరసా ఎడమవైపు తిన్నగానే మొదలవుతోంది, కుడివైపుకి వెళ్ళేసరికి పైవరస మీదకి ఎక్కుతోంది. సెలవుల్లో మీరు గ్లాసు పక్కన నీళ్ళు పోసినప్పుడు ఎగతాళి చేశాను. సూదిలో దారం ఎక్కించమంటే, చటుక్కున పిచ్చుక చేతికిచ్చారు. అదీ గుర్తొచ్చింది.

చూపు గురించి మిమ్మల్ని ఎవరడిగారు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. పిచ్చుక ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పింది మీరే. సెలవుల సంగతులు తీస్తోందా అని అంత భయపడ్డారంటే, దానికి తెలుసనీ, మీరే దాని నోరు కట్టేశారనీ అర్థమైంది.

ఒంటి కంటితో మనుషుల నెత్తిన ఇరవై టన్నుల పెట్టెలు తిప్పుతున్నారా? కింద నిలబడి మీకు చేతులూపే సిగ్నల్ మనిషికి మొన్ననే బిడ్డ పుట్టిందని మీరే కదా రాశారు!

నొప్పికి మీ రహస్యమే కారణమని నేననను. అది అంతకుముందు నుంచీ ఉంది, ఒక్క మేకుకే అన్నీ తగిలించకూడదని ఆవిడా అంది. కానీ అసలే నొప్పితో ముడుచుకుపోయే పిల్ల చేత అమ్మ దగ్గర దాచమని ఒట్టు వేయించుకున్నారు చూడండి, అది మాత్రం మరిచిపోలేను.

క్రేన్ నడిపేది ఎవరని అడిగారు కదా. తనేనట. నాన్న కింద నిలబడి చేతులూపుతాడట. అప్పుడు విని నవ్వుకున్నాను.

రేపే సూపర్‌వైజరుకి చెప్పండి. లేకపోతే నేనొచ్చి చెబుతాను.

పిచ్చుక అమ్మ

* * *

ప్రియమైన నీకు,

ఉత్తరం అందిన పూటే దిగేశాను. కుడికన్ను ఎనిమిది నెలలుగా మసకే. క్రేన్ పోతే నేనెవర్ని అన్న భయంతో దాచాను, అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. సూపర్‌వైజరు కళ్ళ డాక్టరు దగ్గరికి పంపాడు. కింద ఏదైనా పని ఇస్తారో లేదో తెలియదు. సిగ్నల్ మనిషి విని ముఖం తిప్పుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆదివారం వస్తున్నాను. నీకు తెలిసిపోయిందని పిచ్చుకకి చెప్పకు. మాట తప్పానేమోనని బెంగపడుతుంది. అరచేతిలో చెయ్యి వేయించుకుని తీసుకున్న ఒట్టు, అలాగే చెయ్యి పట్టుకుని నేనే విప్పుతాను. అంతవరకూ నీకేమీ తెలియనట్టు ఉండు. నటించడం నాకైతే చేతకాదని తేలిపోయింది.

వచ్చే వారం కూడా దాన్ని ఆ గదికి తీసుకెళ్ళు. నన్ను రానిస్తే నేనూ మూలన కూర్చుంటాను. నీ చివరి మాటలు ఎన్నిసార్లు చదివానో. ఆ పిల్ల తన కడుపులో నన్ను ఎప్పుడో క్రేన్ దించి, నేల మీద నిలబెట్టింది. దిగాల్సినవాణ్ణి నేనే ఇంతకాలం దిగలేదు.

నేల మీద నుంచి,
నీ వాడు