అమ్మవారి నుదుట కుంకుమ

కిషన్‌బాగ్, 1978, శ్రావణ బుధవారం

ఈ రోజు మ్యూజియంలో నోరు విప్పలేకపోయాను.

చూపులేని మా అమ్మాయి సరళ రాతి విగ్రహాలను చేతులతో తడిమి చూసుకోవడానికి ఆఫీసరుగారు ఒప్పుకున్నారు. ఏ ఇబ్బందీ రాకపోతే సరళ చదివిన అంధుల బడి పిల్లలందరినీ రానిస్తామన్నారు. సరళ అమ్మవారి ముఖం మీద మెల్లగా వేళ్లు నడిపి, "అమ్మా, ముక్కుపుడక గూడ చెక్కిండ్రే!" అని నవ్వింది. నా కళ్లు చెమర్చాయి. ఇంట్లో పూజలో చేసినట్టే, సంచిలోని భరిణె తీసి ఆ నుదుట బొట్టు పెట్టేశాను.

పక్క గదిలోంచి వచ్చిన కాపలాదారు బొట్టు చూసి సరళ మీద విరుచుకుపడ్డాడు.

"కండ్లు లేనోళ్లను ముట్టుకోనిస్తే గిట్లనే ఐతది! ఏంది గీ లొల్లి? రేపు బడిపిల్లలొస్తే ఇంకేం జేస్తరో! సాబ్‌కు చెప్త."

సరళ తల దించుకుంది. నేను కొంగుతో తుడుస్తూ నిలబడ్డానే తప్ప, పెట్టింది నేనని అనలేదు. రాతి మీద ఎర్ర మరక పూర్తిగా పోలేదు.

రిక్షాలో సరళ అడిగింది.

"గా కుంకుమ నువ్వే పెట్టినవ్ గదా?"

"ఆఁ, నేనే బిడ్డా."

"మరి చెప్పకపోతివేందే?"

ఇంటికొచ్చి దీపం ముందు నిలబడితే చేతులు జోడించబుద్ధి కాలేదు. కళ్లున్న నేను చేసిన పనికి ఆ పిల్లలకు తలుపు మూసేస్తే...

పొద్దున్నే వెళ్లి తప్పు నాదేనని ఆఫీసరుగారికి చెప్తానన్నాను.

"నేను గూడ వస్త. నువ్వు గింత మెల్లగ మాట్లాడితే సాబ్‌కేం ఇనవడ్తది?" అంది సరళ.